పదిరోజుల కాగితాలు

మనిషికి ఆయుర్దాయం రాసేవాడు బ్రహ్మ అంటారు. కాగితానికి ఆయుర్దాయం రాసేవాడు గుమాస్తా. 1965 అక్టోబరు 2వ తేదీన సేలం జిల్లాలోనుంచి విడదీసి మా ధర్మపురిని వేరే జిల్లా చేసింది మొదలు, ఇక్కడి తెలుగు ఇళ్ళలో కలెక్టరు కచేరీలో కలం పట్టినవారు చాలామందే ఉంటూ వచ్చారు. అందుచేత ఈ రెండో బ్రహ్మ సంగతి మా ఊరి పాఠకులకు మేము కొత్తగా చెప్పనక్కరలేదు. తక్కినవారి కోసం రెండు మాటలు.

పాత మద్రాసు రాజధానిలో జిల్లా ఆఫీసుల కాగితాల నడకకు టాటన్‌హామ్ పద్ధతి అని ఒకటి ఏర్పడింది. ఇటు తమిళనాడులోనూ, అటు ఆంధ్రలోనూ తరాల తరబడి కచేరీలు దాని మీదనే నడిచాయి. ఆ పద్ధతిలో ఏ ఫైలైనా పని ముగిసి మూసేనాడే దాని నుదుట ఒక గుర్తు వేయాలి. ఎల్. డిస్. అని వేస్తే ఏడాది ఉంటుంది. కె. డిస్. అయితే మూడేళ్ళు. డి. డిస్. అయితే పదేళ్ళు. ఆర్. డిస్. అని పడిందా, ఇక దానికి చావు లేదు. శాశ్వతంగా రికార్డు రూములో ఉండవలసిందే. గడువు తీరిన కట్టలను ఏటేటా విడదీసి నాశనం చేస్తారు. చూడబోతే ఇది మామూలు ఆఫీసు తంతు. కాని అందులో ఒక తెలివి ఉంది. కాగితం ఎన్నాళ్ళు బతకాలో నిర్ణయించేవాడు బీరువాలో చోటు చాలక చిరాకుపడుతున్నవాడు కాడు; ఆ వ్యవహారం తెలిసి, దాన్ని ముగించినవాడు. నిర్ణయించేది ఊడ్చేనాడు కాదు, మూసేనాడు.

మా బావగారు (మేనత్త కొడుకు, మా అక్కను చేసుకున్నవారు) ముప్పై ఏళ్ళకు పైగా ఆ పనిలోనే ఉండి రిటైరయ్యారు. ఇంట్లో మేమంతా ఆయన్ను ‘రికార్డు బ్రహ్మ’ అనేవాళ్ళం. పెళ్ళి శుభలేఖ వస్తే, పెళ్ళి మర్నాడు దాని మూల పెన్సిలుతో ‘ఎల్’ అని వేసేవారు. కరెంటు రసీదు మీద ‘కె’. పిల్లల పుట్టిన సర్టిఫికెట్ల మీద మాత్రం రాయకుండా, అవి పెట్టిన కవరు మీద ‘ఆర్’ అని ఎర్ర సిరాతో వేసి రెండు గీతలు గీసేవారు. మా అక్క నవ్వి, నా మీద ఏమి వేశారో చూసుకోవాలి అనేది.

ఇంత ఉపోద్ఘాతం ఎందుకంటే, మేమివాళ చెప్పబోయేది కంప్యూటరులో ఉండే తాత్కాలికపు ఫైళ్ళ సంగతి. ఇవాళ మన ఇళ్ళలో పెట్టె మీద కంప్యూటరో, ఒడిలో ల్యాప్‌టాపో లేని ఇల్లు తక్కువ. దానిలో ‘టెంప్’ అని ఒక మూల ఉంటుంది. ఫోల్డరు అన్నా డైరెక్టరీ అన్నా ఒకటే. మాట మారింది, అర మారలేదు. విండోస్ యంత్రంలో ప్రతి మనిషి లెక్కకూ ఒక టెంప్ ఉంటుంది, యంత్రానికంతా ఉమ్మడిగా మరొకటి ఉంటుంది. చూడదలచినవారు కీబోర్డు మీద విండోస్ మీటా ఆర్ మీటా కలిపి నొక్కి, వచ్చిన చిన్న గడిలో శాతం గుర్తు, టెంప్ అనే ఇంగ్లీషు మాట, మళ్ళీ శాతం గుర్తు కొట్టి చూడవచ్చు. అటకమీది అర తలుపు తెరిచినట్టు ఉంటుంది. పేరూ ఊరూ లేని ఫైళ్ళు వందలు, వేలు. కొన్నిటి పేరుకు ముందు పాము మెలికలాంటి గుర్తు, కొన్నిటి పేరుకు చివర టి-ఎం-పి అని తోక.

ఇవి చెత్త అని చాలామంది అభిప్రాయం. పుట్టుకతో చెత్త కావు. వంట చేసే ఇల్లాలి చుట్టూ ఉండే గిన్నెలు, పళ్ళేలు, తొక్కలు ఎలాంటివో ఇవీ అలాంటివి. కొత్త ప్రోగ్రాము ఒకటి ఎక్కిస్తే, మూట విప్పి పరచుకోవడానికి దానికి చోటు కావాలి. పెద్ద జాబితాను అక్షరక్రమంలో పేర్చమంటే యంత్రానికి జ్ఞాపకశక్తి చాలక, సగం సగం డిస్కు మీద పెట్టుకొని మళ్ళీ కలుపుకుంటుంది. అచ్చువేయమని పంపిన కాగితాలు యంత్రం దగ్గర వరసలో నిలబడడానికి ఒక బల్ల కావాలి. అన్నిటికన్నా ముఖ్యం, మనం రాస్తూ ఉండగా రాత ప్రోగ్రాము కొద్ది నిమిషాలకొకసారి మనకు చెప్పకుండా ఒక నకలు తీసి పక్కన దాస్తుంది. 2012 ప్రాంతంలో తమిళనాడంతా కరెంటు కోతలతో అల్లాడినది పాఠకులు మరచిపోయి ఉండరు. ఒక మాట రాసి రెండో మాట రాసేలోగా దీపం పోయేది. ఆ రోజుల్లో మా ఇంట్లో ఎన్ని ఉత్తరాలు, ఎన్ని లెక్కలు ఆ దాచిన నకలు పుణ్యాన బతికి బయటపడ్డాయో లెక్కలేదు. తాత్కాలికపు ఫైలును తిట్టేవాళ్ళు ఈ ఉపకారం కూడా తలచుకోవాలి.

మన వర్తకుల ఇళ్ళలో పూర్వం రెండు పుస్తకాలుండేవి: చిట్టా, ఆవర్జా. (మా ఊళ్ళో ఇప్పుడు చిట్టా అంటే తాలూకాఫీసులో ఇచ్చే భూమి కాగితం అనుకుంటారు. అది కాదు.) పొద్దస్తమానం జరిగిన బేరాలన్నీ వచ్చినవి వచ్చినట్టు చిట్టాలో పడతాయి. రాత్రి దీపం పెట్టాక, కొట్టు కట్టేముందు, వాటిని ఎవరి పద్దులో వారికి ఆవర్జాలోకి ఎక్కిస్తారు. చిట్టాలో కొట్టివేతలుంటాయి, సిరా మరకలుంటాయి, బెల్లం అంటుకొని ఉంటుంది. ఎవరూ తప్పు పట్టరు. ఆవర్జా మాత్రం పూజలో పెట్టే పుస్తకం. కంప్యూటరులో టెంప్ అనేది చిట్టా. మన పత్రాల ఫోల్డరు ఆవర్జా. చిట్టా నుంచి ఆవర్జాకు ఎక్కించడమనే పని ఒకటి ఉందని తెలియనంత కాలమూ మనిషి, రెండూ ఒకటేననుకుంటాడు. దాని ఫలితం ఏమిటో తర్వాత మనవి చేస్తాము.

ముందు ఈ ఉమ్మడి చోటు మర్యాదలు రెండు మూడు చెప్పాలి. మా బావగారి మనవడు బెంగుళూరులో కంప్యూటర్ల ఉద్యోగం చేస్తాడు. అతని ఆఫీసులో నడిచేవి విండోస్ యంత్రాలు కావు. యూనిక్స్ అనే వంశానికి చెందిన లినక్స్ యంత్రాలు. యూనిక్స్‌ను అమెరికాలో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ అనేవారు 1969లో మొదలుపెట్టారు. దానిలో ‘టీఎంపీ’ అనే ఉమ్మడి చోటు తొలి రోజులనుంచీ ఉంది. ఒకే యంత్రం మీద పదిమంది పనిచేస్తే పదిమందీ అక్కడ తమ తాత్కాలికాలు పెట్టుకోవచ్చు. మరి ఒకరిది మరొకరు తీసివేస్తే? ఈ చిక్కు విడదీసిన తీరు మాకెంతో నచ్చింది. 1986లో వెలువడిన 4.3 బీఎస్‌డీ అనే యూనిక్స్‌లో, అటువంటి ఉమ్మడి ఫోల్డరుకు ఒక ప్రత్యేకమైన గుర్తు తగిలించారు. హక్కుల వరసలో చివర ‘టీ’ అనే అక్షరంగా అది కనిపిస్తుంది. దాని అర్థమేమంటే, ఎవరైనా వచ్చి తమది పెట్టుకోవచ్చు. కాని పెట్టినవాడు గాని, ఆ చోటు యజమాని గాని, యంత్రానికి పెద్ద అధికారి గాని తప్ప మరొకడు దాన్ని తీసివేయడానికి వీల్లేదు.

ఇది మన ఊళ్ళ కళ్ళం మర్యాదే. ఊరుమ్మడి కళ్ళంలో ఎవరి రాగులు వారు పరుస్తారు, తొక్కిస్తారు, తూర్పారపడతారు, కుప్ప చేసి మోసుకుపోతారు. రాత్రంతా కుప్ప అక్కడే ఉన్నా పక్కవాడు చేయి పెట్టడు. మా వైపు ఇప్పుడు కళ్ళాలు తక్కువై, రాగులూ ఉలవలూ తారు రోడ్డు మీదనే పరుస్తున్నారు. లారీలు తొక్కి పెడుతున్నవి. మర్యాద మాత్రం అదే.

రెండో మర్యాద విస్తరి మర్యాద. ఇంట్లో భోంచేస్తే ఎవరి విస్తరి వారు తీయాలి. మంచి ప్రోగ్రాము తన పని కాగానే తన తాత్కాలికాలను తానే తీసేస్తుంది. అర్ధాంతరంగా కరెంటు పోయినా, ప్రోగ్రాము కూలినా విస్తరి అక్కడే ఉండిపోతుంది. టెంప్ నిండా కనిపించే చాలా భాగం అటువంటి ఎంగిలి విస్తళ్ళే. మనవడు చెప్పాడు: తాను రాసే ప్రతి చిన్న ప్రోగ్రాము మొదట్లోనే, “నేను మామూలుగా ముగిసినా, మధ్యలో ఆగినా సరే, పోతూ పోతూ ఈ ఫోల్డరును తీసేయి” అని ఒక వాక్యం రాసి పెడతాడట. భోజనానికి కూర్చునే ముందే విస్తరి ఎవరు తీయాలో తేల్చుకున్నట్టు. ఇక, తింటున్నవాడి ముందునుంచి విస్తరి లాగడం తప్పు గదా. విండోస్ ఆ తప్పు సాధారణంగా చేయనివ్వదు. ఈ ఫైలు వాడుకలో ఉంది, తీయను అంటుంది. అప్పుడు బలవంతం చేయక వదిలేయడం మంచిది. యూనిక్స్ తీరు వేరు. పేరు జాబితాలోనుంచి కొట్టేస్తుంది. తినేవాడు మాత్రం లేచేదాకా తింటూనే ఉంటాడు. ఆ ప్రోగ్రాము ముగిసేదాకా ఆ చోటు ఖాళీ కాదు. అంత తీసేసినా డిస్కు నిండే ఉందేమిటి అని కొత్తవాళ్ళు తల పట్టుకునేది ఇక్కడే.

మూడోది కొంచెం సూక్ష్మం. మా ధర్మపురి బస్టాండులో సేలం బస్సు వచ్చి ఆగగానే జరిగే భాగవతం చూసినవారికి ఇట్టే అర్థమవుతుంది. కిటికీలోనుంచి చూశారు, సీటు ఖాళీ. తలుపు దగ్గరకు పోయి, ఎక్కి, సీటు చేరేసరికి ఇంకొకరు కూర్చొని ఉన్నారు. చూడడానికీ కూర్చోవడానికీ నడుమ సందు ఉంది. ఆ సందులో మోసం ఉంది. ప్రోగ్రాము కూడా ఉమ్మడి చోటులో ‘లెక్క1’ అనే పేరు ఖాళీగా ఉందా అని చూసి, ఉందని ఆ పేరుతో ఫైలు తెరవబోయేలోగా, దుర్బుద్ధిగలవాడు ఆ పేరుతోనే ఒక దారిచూపే పలక నాటవచ్చు. దాని వెంట పోయి మన ప్రోగ్రాము ఏ ముఖ్యమైన ఫైలునో తుడిచి రాస్తుంది. అందుకని యూనిక్స్‌లో పేరు ఊహకందని అక్షరాలతో కట్టి, చూడడమూ కూర్చోవడమూ ఒకే క్షణంలో జరిపే ఏర్పాటు ఒకటి ఉంది. కిటికీలోనుంచి తువ్వాలు విసరడం దానికి మనవాళ్ళు కనిపెట్టిన నాటు పద్ధతి.

ఇక ఊడ్చే సంగతి. పాత యూనిక్స్ యంత్రాలలో చాలావాటిలో, యంత్రం ఆపి మళ్ళీ మొదలుపెట్టగానే టీఎంపీ ఖాళీ అయ్యేది. తిరిగి మొదలైనా నిలవవలసిన తాత్కాలికాలకు ‘వార్’ అనే ఫోల్డరు లోపల మరొక టీఎంపీ ఉంది. ఇప్పుడు చాలా లినక్స్‌లలో ఈ పని చూసే సేవకుడొకడున్నాడు. మొదటి చోటులో పదిరోజులు ఎవరూ ముట్టనిది తీసేస్తాడు; రెండో చోటులో ముప్పై రోజులు. 2025 ఆగస్టులో వచ్చిన డెబియన్ 13లోనైతే మొదటి చోటును డిస్కు మీద కాక యంత్రం జ్ఞాపకంలోనే పెట్టారు. దీపం ఆరితే దానితోపాటే అదీ పోతుంది. ఈ పదీ ముప్పై సంగతి మనవడు చెప్పినప్పుడు మా బావగారు కుర్చీలో ముందుకు జరిగారు. “అంటే ఎల్. డిస్., కె. డిస్. అన్నమాట! మరి ఆర్. డిస్. ఏదిరా?” అన్నారు.

“అది మనమే చేసుకోవల్ల తాతా. మిషన్‌కు తెలవదు,” అన్నాడు వాడు.

బావగారు ఆ ప్రశ్న ఊరికే అడగలేదు. ఆయన పోగొట్టుకున్నది ఒకటి ఉంది.

మా మేనత్త, అంటే ఆయన తల్లి, తొంభై దాటి బతికింది. చూపు తగ్గినా జ్ఞాపకం తగ్గలేదు. మావాళ్ళు కుప్పం వైపునుంచి ఘాటు దిగి ఇటు వచ్చిన సంగతి, మొదట ఏ ఊళ్ళో ఆగారు, ఏ కరువులో ఎవరు మళ్ళీ వెనక్కి పోయారు, ఎవరి పెళ్ళి ఎవరింటి పందిట్లో జరిగింది, అన్నీ ఆమె నోటనే ఉండేవి. 2012లో బెంగుళూరులో ఉన్న మా మేనల్లుడు వంశవృక్షం నింపడానికి గడులు గీసిన ఒక ఫారం తయారుచేసి, బావగారికి ఈ-మెయిలులో పంపాడు. బావగారు అప్పటికి తెలుగు టైపు కొత్తగా నేర్చుకొని మంచి ఉత్సాహంలో ఉన్నారు. కాగితం మీద రాసుకోకుండా నేరుగా యంత్రంలోనే కొట్టసాగారు. కరెంటు ఉన్నప్పుడల్లా తల్లిని పక్కన కూర్చోబెట్టుకొని, ఆమె చెబుతుంటే ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ రాశారు. ఆ వానాకాలమంతా సాగింది. పదకొండు పేజీలు అయింది. ప్రతిరోజూ లేచేముందు ‘సేవ్’ నొక్కేవారు. మర్నాడు రాత ప్రోగ్రాము తెరిస్తే ‘ఇటీవలి ఫైళ్ళు’ అనే జాబితాలో మొదట అదే కనిపించేది, నొక్కితే తెరుచుకునేది. లోపమేమీ కనిపించలేదు. ఎవరికి మాత్రం కనిపిస్తుంది?

జరిగిందేమంటే, ఉత్తరానికి అంటించి వచ్చిన ఫైలును మొదటిరోజు ఉత్తరంలోనుంచే తెరిచారు. ఆ పాత ఉత్తరాల ప్రోగ్రాము, తెరవడం కోసమని, దానికొక నకలు తీసి తన తాత్కాలికపు ఫోల్డరులో ఎక్కడో లోపల పెట్టింది. బావగారు వానాకాలమంతా రాసింది ఆ నకలులో. ‘సేవ్’ నొక్కితే నిజంగానే సేవ్ అయింది, చిట్టాలో అయింది. జాబితా కూడా రోజూ అక్కడికే దారి చూపింది. ఆవర్జాలో ఒక్క ముక్కా పడలేదు.

2013 జనవరిలో మేనత్త కాలం చేసింది. ఆ కర్మలన్నీ ముగిసి, ఇల్లు కొంచెం సర్దుకున్నాక, కంప్యూటరు మందగించిందని బజారులో ఒక దుకాణానికి పంపారు. అక్కడి కుర్రవాడు అందరి యంత్రాలకూ చేసినట్టే దీనికీ చేశాడు. టెంప్‌లో ఉన్నవన్నీ ఊడ్చి, యంత్రాన్ని చురుకుచేసి, రెండొందలు పుచ్చుకొని పంపాడు. బావగారు ఆ ఫైలు కోసం చూసింది వేసవిలో. జాబితాలో పేరు ఉంది. నొక్కితే, ఆ చోట ఫైలు లేదు అని వచ్చింది. అప్పటికి నెలలు గడిచాయి. తుడిచిన చోటు మీద యంత్రం వేరే రాతలు రాసేసుకుంది. తెలిసినవాళ్ళను పిలిపించి తిరిగి తేగలరేమోనని చూశారు, రాలేదు. ఉత్తరంలో ఉన్నది మేనల్లుడు పంపిన ఉత్త ఫారం, ఖాళీ గడులతో.

ఆ కుర్రవాణ్ణి తప్పుపట్టడానికి మాకు మనసు రాలేదు. ‘తాత్కాలికం’ అని నుదుట రాసి ఉన్న అరలో ఉన్నవి తీశాడు. అడిగి ఉండవలసింది అనవచ్చు. అడిగితే మాత్రం బావగారు ఏమనేవారు? అందులో మావేమీ లేవు నాయనా అనే అనేవారు, నిష్కపటంగా.

బావగారు మళ్ళీ కూర్చొని జ్ఞాపకమున్నంత రాశారు. పదకొండు పేజీలు అయిదు పేజీలయ్యాయి. ఇందులో ఒక విచిత్రం చూడండి. మగవాళ్ళ పేర్లు ఇంచుమించు అన్నీ తిరిగి దొరికాయి. పట్టాలలో ఉన్నాయి, క్రయపత్రాలలో ఉన్నాయి, ఒకటి రెండు కోర్టు కాగితాలలో కూడా ఉన్నాయి. అవన్నీ ఎవరో ఆర్. డిస్. అని వేసి దాచిన కాగితాలు. పోయినవి ఆడవాళ్ళ పేర్లు. ఏ ఊరినుంచి ఏ ఇంటికి వచ్చిందో, అసలు పేరేమిటో, అత్తవారింట్లో మార్చిన పేరేమిటో మేనత్త ఒక్కొక్కరినీ వేలు మడిచి చెప్పింది. వాళ్ళు ఏ పట్టాలోనూ లేరు. ఇప్పటి ప్రతిలో ఏడుగురి గడులు ఖాళీగా ఉన్నాయి. పెద్దవ్వ, సిన్నవ్వ, కుప్పం అవ్వ అని వరసలే మిగిలాయి. జీవితమంతా ఊరివాళ్ళ కాగితాలకు ఆయుర్దాయం వేసిన మనిషికి ఇది ఎంత గుచ్చుకొని ఉంటుందో ఊహించుకోవచ్చు. ఆయన బయటికి ఏమీ అనలేదు. కొన్ని నెలలు కంప్యూటరు ముట్టలేదు, అంతే.

ఇటువంటిది మనబోటివాళ్ళకే జరుగుతుందనుకోకూడదు. జపానులో క్యోటో విశ్వవిద్యాలయంలో ఒక మహాయంత్రం ఉంది. 2021 డిసెంబరులో దానిలో పాత లాగు ఫైళ్ళను, అనగా యంత్రం తన దినచర్య రాసుకునే చిట్టాలను, పదిరోజులు దాటినవి తీసేయడానికి ఒక చిన్న ప్రోగ్రాము ఉండేది. యంత్రం సరఫరా చేసిన సంస్థవాళ్ళు దాన్ని బాగుచేయబోయి, అది నడుస్తూండగానే దాని పాఠం మార్చారు. బ్యాష్ అనే ఆ భాష పాఠాన్నంతా ఒక్కసారి చదివి నోట పెట్టుకోదు; పురాణం చెప్పేవారిలాగా కొంత చదివి, కొంత చెప్పి, మళ్ళీ చదువుతుంది. నడుమ పుస్తకం మారిపోయింది. ఏ గది ఊడ్వాలి అనే చోట మాట ఖాళీ అయింది. మాట ఖాళీ అయితే ఆగాలి గదా, ఆగలేదు. గది పేరు లేదు గనుక ఇల్లంతా ఊడ్చింది. రెండు రోజులలో 77 టెరాబైట్లు, ఇంచుమించు మూడుకోట్ల నలభై లక్షల ఫైళ్ళు పోయాయి. పధ్నాలుగు పరిశోధక బృందాలవి. వారిలో నాలుగు బృందాలవాటికి వేరే నకలు లేక తిరిగి రాలేదు. ఊడ్వవలసినది పదిరోజుల చిట్టాలు. పోయినది ఆవర్జా.

అంత దూరం పోనక్కరలేదు. 2018 చివర వచ్చిన విండోస్ 10 మార్పులో, డిస్కు శుభ్రం చేసే పాత పనిముట్టు జాబితాలో ‘డౌన్‌లోడ్స్’ ఫోల్డరును కూడా చేర్చారు. అన్నిటికీ టిక్కు పెట్టి సరే అనడం అలవాటైనవాళ్ళు అలాగే సరే అన్నారు. బ్యాంకు కాగితాలు, ఫొటోలు, పిల్లల హాల్‌టిక్కెట్లు అన్నీ పోయాయి. 2020 మార్పులో దాన్ని ఆ జాబితానుంచి తీసేశారు. డౌన్‌లోడ్స్ అనేది మా దృష్టిలో ఇంటి వసారా వంటిది. అక్కడ బస్తా దించుకోవచ్చు. బస్తాను అక్కడే ఉంచి, ధాన్యం ఇంట్లో ఉందనుకోవడం మాత్రం పొరపాటు. కొత్త విండోస్‌లలో ‘స్టోరేజ్ సెన్స్’ అని, తనంతట తానే ఊడ్చే ఏర్పాటు ఉంది. అది మంచిదే. కాని డౌన్‌లోడ్స్‌ను కూడా ఇన్ని రోజులకు ఊడ్వమని దానికి చెప్పే వీలుంది. ఇంట్లో కుర్రకారు చెప్పి ఉంచారేమో పెద్దవాళ్ళు ఒకసారి అడిగి చూసుకోవాలి.

ఫోన్ల సంగతి వేరే పురాణం. పొద్దున్నే వచ్చే శుభోదయపు పువ్వుల బొమ్మలు ఎవరూ టెంప్‌లో పెట్టరు, అవి ఆర్. డిస్. అయినట్టు ఏళ్ళతరబడి ఉంటాయి. దాని మీద మాట్లాడితే బంధుత్వాలు చెడతాయి.

కిందటి సంక్రాంతికి మనవడు వచ్చినప్పుడు మా ఇంటి కంప్యూటరు డిస్కు నిండి ఎర్రగీత చూపిస్తూ ఉంది. వాడు టెంప్ తెరిచి వెంటనే తుడవలేదు. తేదీల వరసన పేర్చాడు. ఆ వారంలో ముట్టినవి వదిలేశాడు. తరువాత పరిమాణం వరసన పేర్చి, పెద్దవాటిని ఒక్కొక్కటే ఏ ప్రోగ్రాముదో చూశాడు. ఆ మీదట ఫైలు రకాల వరసన పేర్చి, మనిషి చేతిరాతలాంటివి, అంటే ఉత్తరాలు, లెక్కలు, బొమ్మలు ఉన్నాయేమోనని వెతికాడు. ఒక పట్టిక దొరికింది, మా తమ్ముడి కొట్టు బాకీల లెక్క. దాన్ని తీసి బయట పెట్టాడు. అప్పుడు బావగారి వైపు తిరిగి, “తాతా, దీంట్లో నీవేమన్నా ఉండాయా?” అన్నాడు.

“ఉండేటిది ఎప్పుడో పాయ. ఊడ్చురా,” అన్నారు బావగారు.

ఊడ్చిన తరువాత ఆయన లేచి వచ్చి, వాణ్ణి పక్కకు జరగమని, తానే కూర్చొని నాలుగు ఫోల్డర్లు చేయించారు. ఎల్, కె, డి, ఆర్. తాత్కాలికం అనుకొని మనం పెట్టుకునేవాటికి వేరే ఒకటి, దాని పేరు ‘కళ్ళం’. కళ్ళం శనివారం శనివారం ఊడ్వాలి. ఊడ్చేది ఆయనే, తక్కినవారికి అధికారం లేదు. ఎల్‌లో శుభలేఖలు, రైలు టిక్కెట్లు. కె-లో రసీదులు. డి-లో పన్నుల కాగితాలు. ఉత్తరానికి అంటించి ఏది వచ్చినా, తెరిచేముందు దాన్ని ఈ అయిదింటిలో ఎక్కడో ఒకచోట దించిన తరువాతనే తెరవాలి. మా కోడళ్ళు మొదట నవ్వారు, ఇప్పుడు అలవాటు పడ్డారు. ఆర్‌లో ఉన్నవి బహుకొద్ది; ఆ అయిదు పేజీల వంశవృక్షం అందులో మొదటిది. దానికి ఒక నకలు బెంగుళూరులో, ఒకటి హోసూరులో మా చెల్లెలి ఇంట్లో. కాగితం మీద తీసిన ప్రతి ఒకటి బీరువాలో, కవరు మీద ఎర్ర సిరాతో, రెండు గీతలతో.

మొన్న కుప్పంనుంచి ఒక కబురు వచ్చింది. మేనత్తకు వరసకు చెల్లెలైన ఒకావిడ అక్కడ ఉన్నదట. ఎనభై తొమ్మిదేళ్ళు, మాట స్పష్టంగా ఉన్నదట. ఖాళీ గడులలో ఇద్దరు ముగ్గురి పేర్లైనా ఆవిడకు తెలిసి ఉండవచ్చు. వచ్చే ఆదివారం బయలుదేరుతున్నాము. ఫోనులో మాటలు రికార్డు చేసి, అక్కడికక్కడే ఆర్‌లోకి పంపాలని మనవడు అంటున్నాడు. ముందు కాగితం మీద పెన్సిలుతో రాయాలని బావగారు. రెండూ చేయండి, ఆవిడకు మాత్రం రెండు గంటలకు మించి శ్రమ ఇవ్వకండి అని మా అక్క. నోటుబుక్కూ, రెండు పెన్సిళ్ళూ, ఫోను చార్జరూ ఒకే సంచిలో సర్ది పెట్టింది.